ఈ గడి ఎవరు చదువుతారు? ఒక హోం హెల్త్ ఏజెన్సీలో నర్సుల రాతపని తగ్గించిన కేసు

అమెరికాలో ఇళ్లకు వెళ్లి సేవ చేసే నర్సులు ఉద్యోగం మానేటప్పుడు చెప్పే కారణాల్లో రాతపని ఒకటి. తప్పంతా ప్రభుత్వ ఫారాలదేనని అందరం అనుకుంటాం. నేను క్లినికల్ నాణ్యత బాధ్యత చూసిన ఒక ఏజెన్సీలో ఆ రాతపనిని పొరలు పొరలుగా విప్పి చూశాం. చట్టం అడిగిన దానికి తోడు ఏజెన్సీ తన భయం కొద్దీ చేర్చుకున్నది చాలా ఉందని తేలింది. ఆ అదనపు భాగాన్ని ఎలా తగ్గించామో, అంతకుముందు చేసిన ప్రయత్నాలు ఎందుకు నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను. ఏజెన్సీని, సిబ్బందిని, రోగులను గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

టెక్సాస్‌లో పనిచేసే మధ్యస్థాయి ఏజెన్సీ అది. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, స్నానం చేయించడం వంటి పనులకు ఎయిడ్‌లు, ఆఫీసులో కూర్చుని, సిబ్బంది రాసిన విజిట్ నోట్లు పరిశీలించే కొందరు ఉండేవారు. రోగుల్లో ఎక్కువమంది మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న వృద్ధులు. గుండె బలహీనపడి ఆసుపత్రిలో ఉండి వచ్చినవారు, పక్షవాతం తర్వాత మళ్లీ నడక నేర్చుకుంటున్నవారు, మధుమేహంతో కాలి పుండు మానని వారు.

మెడికేర్ నియమాలు తెలియని వారికోసం క్లుప్తంగా చెబుతాను. రోగి కేసును ఏజెన్సీకి పంపిన 48 గంటల్లో గానీ, ఇంటికి చేరిన 48 గంటల్లో గానీ, డాక్టరు తేదీ చెబితే ఆ తేదీన గానీ తొలి విజిట్ జరగాలి. సేవ మొదలైన 5 రోజుల్లో సమగ్ర మదింపు పూర్తి కావాలి. 1999 నుంచి అమల్లో ఉన్న ఒయాసిస్ అనే పెద్ద ప్రశ్నావళి ఈ మదింపులో భాగం. సేవ కొనసాగితే ప్రతి 60 రోజుల గడువులో చివరి 5 రోజుల్లో మళ్లీ మదింపు చేయాలి. మధ్యలో రోగి ఆసుపత్రిలో చేరి తిరిగొస్తే ఇంకొకటి, సేవ ముగిసినప్పుడు మరొకటి. డాక్టరు రోగిని ముఖాముఖి చూసినట్టు రికార్డు కూడా ఉండాలి. అది సేవ మొదలవడానికి ముందు 90 రోజుల్లోనో, మొదలయ్యాక 30 రోజుల్లోనో జరిగినదై ఉండాలి.

2020 జనవరిలో చెల్లింపు పద్ధతి మారింది. 30 రోజుల లెక్కన డబ్బు ఇవ్వడం మొదలైంది. రోగి తన పనులు ఎంతవరకు చేసుకోగలడని ఒయాసిస్‌లో నర్సు వేసిన అంకెలు కూడా ఆ మొత్తాన్ని నిర్ణయిస్తాయి. అదే ఏడాది టెక్సాస్‌లో ముందస్తు సమీక్ష పథకం కూడా వచ్చింది. ఏజెన్సీ తన రికార్డులను బిల్లు కంటే ముందే పంపి ఆమోదం తీసుకోవచ్చు. ఆమోదాల శాతం 90 గానీ అంతకు మించి గానీ ఉంటే సమీక్ష భారం తగ్గుతుంది, లేకపోతే కొనసాగుతుంది. ఆ 90 అనే గీత ఆఫీసులో అందరి ఆలోచనలనూ శాసించేది. 2023 జనవరిలో ఒయాసిస్ కొత్త రూపం వచ్చి జ్ఞాపకశక్తి, దిగులు, వినికిడి, ఒంటరితనం గురించిన ప్రశ్నలు చేర్చింది. ఆ ప్రశ్నలు మంచివే, వృద్ధుల విషయంలో అడగవలసినవే. కానీ అప్పటికే నిండిన సంచిలోకి అవి వచ్చి చేరాయి.

ఎదురైన సమస్య

తక్కువ కాలంలో అనుభవం ఉన్న నర్సులు ఒకరి తర్వాత ఒకరు మానేశారు. వెళ్లేముందు మాట్లాడితే అందరిదీ దాదాపు ఒకే మాట. వారిలో ఒక తెలుగు నర్సు నాతో ఇలా అంది: "అక్కా, రోగి పని నాకు ఎప్పుడూ బరువనిపించలేదు. పిల్లలు పడుకున్నాక మొదలయ్యే ఈ రెండో డ్యూటీ నా వల్ల కావడం లేదు."

ఈ రెండో డ్యూటీ ఎంతన్నది ఊహతో తేల్చకూడదని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సమయ ముద్రలను చూశాం. విజిట్ ముగిసిన సమయం, నోటు మూసిన సమయం రెండూ నమోదై ఉంటాయి. సాధారణ విజిట్ల నోట్లు అదే సాయంత్రం మూతపడుతున్నాయి. కేసు తెరిచే తొలి విజిట్ నోట్లు మాత్రం రాత్రి పది దాటాక, లేదా మరుసటి రోజు తెల్లవారుజామున మూతపడుతున్నాయి. మూసిన తర్వాత కూడా అవి నిలవడం లేదు. పరిశీలకులు ప్రశ్నలతో వెనక్కి పంపుతున్నారు, నర్సు మళ్లీ తెరుస్తోంది.

మరో సంగతి జీతం విధానంలో ఉంది. అక్కడ చాలామందికి విజిట్ లెక్కన చెల్లింపు. నోటు ఇంట్లో రాసినా, కారులో రాసినా, అర్ధరాత్రి రాసినా డబ్బు అంతే. అంటే ఆఫీసు ఫారంలో నింపాల్సిన గడి ఒకటి అదనంగా చేర్చితే దాని ఖర్చు ఆఫీసుకు పడదు, నర్సు నిద్రకు పడుతుంది. నా దృష్టిలో ఈ కేసుకు మూలం ఇదే. ఖర్చు కనిపించని చోట కోరికలకు హద్దు ఉండదు.

మొదట చేసినవి, అవి నిలవని కారణం

యాజమాన్యం మొదట ఆలోచించింది వేగం గురించి. పాత ల్యాప్‌టాప్‌లు తీసి తేలికైన టాబ్లెట్‌లు ఇచ్చారు, సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ పెట్టారు. ఆ నిర్ణయంలో తర్కం లేకపోలేదు, పాత యంత్రాలు నిజంగానే నెమ్మదిగా ఉండేవి. అయితే ప్రశ్నల సంఖ్య తగ్గకుండా పరికరం మారితే పని చేసే చోటు మారుతుంది, పని అలాగే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఏఎన్ఎంలుగా చేసిన వారికి ఇది కొత్త కాదు. గర్భిణి వివరాలు రిజిస్టరులో ఒకసారి, ట్యాబ్‌లోని అన్మోల్ యాప్‌లో మరోసారి రాసిన అనుభవం వారిలో చాలామందికి ఉంటుంది.

రెండో ప్రయత్నం ప్రమాదకరమైనది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నోట్లకు ముందే నింపిన నమూనాలు తయారుచేశారు. గత విజిట్ నోటును యథాతథంగా కొత్త నోటులోకి తెచ్చుకునే వీలు కూడా ఇచ్చారు. మారినదాన్ని మాత్రం దిద్దుకుంటే చాలని ఉద్దేశం. సమయం నిజంగానే తగ్గింది, కొన్ని వారాలు అందరూ సంతోషించారు. తర్వాత ఒక రోగి కాలి పుండు కొలతలు వరుస నోట్లలో మిల్లీమీటరు తేడా లేకుండా ఒకేలా కనిపించాయి. ఫిజియోథెరపిస్టు వెళ్లినప్పుడు కట్టు తడిసి ఉండటం చూసి ఫోను చేసింది. నర్సు మళ్లీ కొలిస్తే పుండు పెరిగింది. రోగికి సకాలంలో చికిత్స అందింది, కానీ ఇక ఆ పద్ధతిని కొనసాగించకూడదని నేను పట్టుబట్టాను. అలసిన మనిషికి, నిండిన గడి ఎదురుగా ఉంటే, అది నిజమో కాదో మళ్లీ చూసే ఓపిక మిగలదు. అది నర్సు నిర్లక్ష్యం అనడం అన్యాయం. నమూనాయే ఆ తప్పును సులభం చేసింది.

చెల్లింపుల వైపు నుంచి కూడా నమూనాలు పనికిరాలేదు. మెడికేర్ ప్రయోజనాల మాన్యువల్ ఏడో అధ్యాయం కొన్ని వాక్యాలను పేరుపెట్టి మరీ చాలవని చెబుతుంది: రోగి చికిత్సను బాగా తట్టుకున్నారు, సంరక్షకుడికి మందుల గురించి చెప్పాము, ప్రణాళిక ప్రకారం కొనసాగించాలి. మా నమూనాలు నిండా ఉన్నవి సరిగ్గా అలాంటి వాక్యాలే. పేజీలు పెరుగుతున్నాయి, రుజువు పెరగడం లేదు.

మూడోది, ఆఫీసులో కూర్చుని టైపు చేసే సహాయకుల ఏర్పాటు. నర్సు ఫోనులో చెబుతుంది, వారు ఎక్కిస్తారు. రోగిని చూడని మనిషికి ప్రతి జవాబులో సందేహం వస్తుంది. ఫోను కాల్స్ పెరిగాయి. చివరకు సంతకం చేసే బాధ్యత నర్సుదే కాబట్టి ఆమె అంతా మళ్లీ చదవాల్సి వచ్చింది. కొద్ది కాలానికే ఆపేశాం.

మలుపు: మూడు గళ్ల పట్టిక

అప్పటిదాకా అందరూ అడిగిన ప్రశ్న, నర్సు వేగంగా ఎలా రాయగలదు అన్నది. దాన్ని పక్కన పెట్టి, ఆమె చేత ఏం రాయిస్తున్నామో చూద్దామని ప్రతిపాదించాను. తొలి విజిట్‌లో నర్సు నింపే ప్రతి గడినీ ఒక పట్టికలో రాశాం. ప్రతి గడికీ మూడు విషయాలు వెతికాం: దీన్ని ఏ నియమం అడుగుతోంది, దీన్ని నింపిన తర్వాత ఎవరు చదువుతారు, ఇదే సమాచారం ఇంకెక్కడైనా ఉందా.

పని విసుగు పుట్టించేదే, కానీ అసలు విషయం అక్కడే బయటపడింది. ఒయాసిస్ ప్రశ్నలకు నియమం ఉంది, వాటిని ముట్టుకోలేం. మందుల సమీక్ష, అత్యవసర ప్రణాళిక, రోగి హక్కుల పత్రం కూడా అంతే. వాటి చుట్టూ మాత్రం ఏజెన్సీ సొంతంగా చేర్చినవి చాలా కనిపించాయి. పడిపోయే ప్రమాదం గురించి మూడు వేర్వేరు ఫారాలు. నొప్పి గురించి ఒయాసిస్‌లో ఒకటి, విడిగా ఇంకొకటి. రోగి ఇల్లు వదిలి వెళ్లలేని స్థితి గురించి ప్రతి నోటులో ఒక పేరా తప్పనిసరి.

వీటిని ఎవరు, ఎందుకు చేర్చారని అడిగితే ప్రతిదాని వెనుకా ఒక సంఘటన ఉంది. ఎప్పుడో ఒక బిల్లు తిరస్కరణకు గురైంది, ఒక గడి చేరింది. ఎప్పుడో తనిఖీ అధికారి ఒక మాటన్నారు, ఒక ఫారం వచ్చింది. చుట్టాల కోసం వేసిన మంచం వాళ్లు వెళ్లిపోయాక కూడా నడవలోనే ఉండిపోయినట్టు, కారణం పోయినా గడి మిగిలిపోయింది. చేర్చే అధికారం అందరికీ ఉంది, తీసేసే బాధ్యత ఎవరికీ లేదు.

బిల్లింగ్ విభాగం గట్టిగా వ్యతిరేకించింది. వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆమోదాల శాతం పడిపోతే జీతాలు కూడా ఇవ్వలేని ఏజెన్సీలు ఉంటాయి. అందుకే తీసేయాలా వద్దా అని వాదించకుండా, తిరస్కరణ లేఖలనే బల్ల మీద పెట్టి చదివాం. వాటిలో కనిపించిన కారణాలు ప్రధానంగా రెండు: డాక్టరు ముఖాముఖి రికార్డు సరిగా లేకపోవడం, నైపుణ్య సేవ (నర్సు, థెరపిస్టు వంటి శిక్షణ ఉన్నవారే చేయాల్సిన పని) ఎందుకు అవసరమో నోటులో స్పష్టంగా లేకపోవడం. మొదటిది నర్సు చేతిలో లేదు, ఆఫీసు డాక్టరు కార్యాలయంతో తేల్చుకోవాల్సిన పని. రెండోదానికి పొడవైన నోటు అక్కరలేదు, నిర్దిష్టమైన నోటు కావాలి. మేము చేర్చిన గడుల్లో ఏ ఒక్కటి లేనందుకూ తిరస్కరించిన లేఖ కనబడలేదు. దాంతో వ్యతిరేకత తగ్గింది.

పనిచేసినవి

నియమం లేని, ఎవరూ చదవని గడులు తీసేశాం. నియమం లేకపోయినా ఎవరో నిజంగా వాడుతున్నవి ఉంచాం. పడిపోయే ప్రమాదం ఫారాల్లో ఒకటి మిగిల్చాం, ఎయిడ్‌లు స్నానం చేయించేముందు దాన్నే చూస్తారు కాబట్టి. ఇల్లు వదల్లేని స్థితి గురించిన పేరా స్థానంలో ఆ రోజు కళ్లారా చూసిన ఒక్క వాక్యం చాలన్నాం. ఉదాహరణకు, 'కుర్చీ నుంచి వీధి తలుపు దాకా వాకర్‌తో వెళ్లేసరికి ఆయాసం వచ్చి రెండుసార్లు ఆగారు'. ఈ వాక్యం నమూనాలోంచి రాదు, చూసినవారే రాయగలరు. సమీక్షకులకు కావలసిందీ అదే.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది తొలి విజిట్ క్రమాన్ని మార్చడం. అంతకుముందు నర్సులు సోఫా మీద కూర్చుని, తెర మీద ప్రశ్నలు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో అడిగేవారు. లేచి నడవగలరా, స్నానం ఎలా చేస్తారు, మందులు ఎక్కడ ఉంటాయి అంటూ. రోగి జవాబులు చెప్పేవాడు, నిజంగా చూడటం తక్కువ. దీన్ని తిప్పేశాం. కుశల ప్రశ్నలయ్యాక, మీ మందులు ఎక్కడ పెడతారో చూపించండి అని అడగడంతో మొదలుపెట్టాలి. రోగి కుర్చీ నుంచి లేస్తాడు, వంటింటికి నడుస్తాడు, ఫ్రిజ్ తలుపు తీసి ఇన్సులిన్ చూపిస్తాడు, పడకగదిలో మంచం పక్కనున్న సీసాలు తెస్తాడు. దారిలో స్నానాలగది కనిపిస్తుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో తెలుస్తుంది. ఈ ఒక్క నడకలో లేవడం, నడవడం, సమతూకం, చూపు, ఊపిరి, మందుల అవగాహన అన్నీ కంటపడతాయి. వాటి అంకెలు అక్కడికక్కడే వేయొచ్చు.

అంకెల గురించి ఒక మాట. మంచం మీంచి కుర్చీలోకి మారడం వంటి వాటిని ఒయాసిస్ రెండుచోట్ల అడుగుతుంది. పాత ప్రశ్నల్లో సున్నా అంటే ఎవరి సాయమూ అక్కరలేదు, అంకె పెరిగేకొద్దీ పరాధీనత. జీజీ అనే విభాగంలో దీనికి పూర్తిగా తలకిందులు: 6 అంటే స్వతంత్రం, 1 అంటే అంతా ఇతరుల మీదే. రాత్రి పదకొండుకి జ్ఞాపకం మీద ఆధారపడి వేస్తే రెండూ పొసగవు. పరిశీలకులు వెనక్కి పంపే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ పొసగని జంటల గురించే. రోగి కళ్లముందు ఉండగా వేసిన అంకెల్లో ఈ తేడా బాగా తగ్గింది.

దీనికి కొందరు సీనియర్ నర్సులు ఒప్పుకోలేదు. రోగి ముందు తెర చూస్తూ కూర్చోవడం మర్యాద కాదన్నారు. వారి మాటలో నిజం ఉంది. అందుకే అన్నీ ఇంట్లోనే ముగించాలనే పట్టుదలకు పోలేదు. చూసి వేసే అంకెలు, మందుల జాబితా ఇంట్లోనే పూర్తి చేయాలి. కథనం మాత్రం తర్వాతి ఇంటికి బయలుదేరేముందు రాసుకోవచ్చు. మందులు ఎక్కిస్తున్నప్పుడు పైకి చదవమన్నాం, అప్పుడు రోగికి తెర అడ్డుగోడ అనిపించదు. అలా చదువుతుండగానే ఒక ఇంట్లో, ఆసుపత్రి ఇచ్చిన రక్తపోటు మందు, ఇంట్లో పాతగా ఉన్న మందు రెండూ ఒకటేనని తేలింది. ఒక సీసా మీద కంపెనీ పేరు, ఇంకోదాని మీద మందు అసలు పేరు ఉండటంతో ఆ పెద్దాయన రెండూ వేసుకుంటున్నారు. రాతలో ఈ భాగాన్ని ఎప్పటికీ తగ్గించకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పని పంచడం తర్వాతి అడుగు. మదింపుకు ఒకే క్లినీషియన్ (నర్సు లేదా థెరపిస్టు) బాధ్యులైనా, 2018 జనవరి నుంచి మెడికేర్ ఒక వెసులుబాటు ఇచ్చింది. ఆ గడువులోనే ఇతర సిబ్బంది సేకరించిన సమాచారాన్ని కూడా వాడుకోవచ్చు. ఏజెన్సీలో ఎవరూ దీన్ని వాడటం లేదు, అంతా ఒకరే చేయాలన్న పాత అలవాటు కొనసాగుతోంది. ఫిజియోథెరపిస్టు 5 రోజుల్లో ఎలాగూ వెళతారు. నడక, మెట్లు, లేవడం విషయంలో వారు చూసినదాన్ని నర్సు పరిశీలించి, మాట్లాడుకుని, ఎవరి నుంచి తీసుకున్నదో రాసి వాడుకోవడం మొదలైంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాల్లో ఉన్న జబ్బుల చరిత్ర, పాత మందుల జాబితా వంటివి విజిట్‌కు ముందే ఆఫీసు ఎక్కించి ఉంచుతుంది. నర్సు ఇంట్లో వాటిని సరిచూస్తుంది. ఇది ముందు చెప్పిన నమూనాల్లాంటిదే కదా అని అడిగారు. తేడా ఉంది. డిశ్చార్జి కాగితంలోది జరిగిపోయిన చరిత్ర, ఈ రోజు పుండు కొలత కాదు. ఈ రోజు చూడాల్సిన ఏ గడినీ ముందే నింపకూడదన్నది మా నియమం.

ఇక వెనక్కి పంపే ప్రశ్నలు. పరిశీలకులు కామా దగ్గర్నుంచి అన్నీ అడిగేవారు. రోగి సంరక్షణను గానీ, చెల్లింపును గానీ, నియమ పాలనను గానీ మార్చని ప్రశ్న పంపకూడదని ఒప్పందం చేసుకున్నాం. మిగిలినవి రోజుకు ఒకసారి, ఒకే ఫోనులో అడగాలి.

చివరిగా డబ్బు. తొలి విజిట్‌కు మామూలు విజిట్ కంటే ఎక్కువ లెక్క కట్టేలా, ఒకే నర్సుకు ఒకే రోజు రెండు కొత్త కేసులు వేయకుండా షెడ్యూల్ మార్చేలా యాజమాన్యాన్ని ఒప్పించాం. ఇది అన్నిటికంటే కష్టమైంది, ఆలస్యంగా వచ్చింది. కానీ ఇది లేకుంటే మిగిలినవి నిలబడేవి కావు. రాతకు కూడా ఖరీదు ఉందని తేలాక, కొత్త గడి చేర్చేముందు ఆఫీసు ఆలోచించడం మొదలుపెట్టింది.

ఫలితం, నేర్చుకున్నది

కొన్ని నెలలకు సమయ ముద్రలు మళ్లీ చూశాం. తొలి విజిట్ నోట్లలో ఎక్కువ భాగం అదే రోజు సాయంత్రానికే మూతపడుతున్నాయి, అర్ధరాత్రి నోట్లు అరుదయ్యాయి. ఆమోదాల శాతం పడలేదు, 90 గీతకు పైనే ఉంది. ఇది చెప్పడం ముఖ్యం, ఎందుకంటే మొదటి నుంచీ అందరి భయం అదే. ఆ తర్వాత మానేసిన నర్సులు లేకపోలేదు, కానీ వారు చెప్పిన కారణాలు వేరు.

ఇలాంటి పని చేయాలనుకునే వారికి నేను చెప్పేది: కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు పట్టిక వేయండి. తిరస్కరణ లేఖలు చదవకుండా తిరస్కరణ భయంతో నిర్ణయాలు తీసుకోకండి. పట్టిక వేసేటప్పుడు ఇళ్లకు వెళ్లే నర్సును, బిల్లింగ్ మనిషిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. విడివిడిగా అడిగితే ప్రతి గడీ ఎవరికో ఒకరికి అవసరమే అనిపిస్తుంది.

ఇంకా తేలనివి

వారాంతపు విజిట్లలో ఈ మెరుగుదల కనబడలేదు. ఆ రోజుల్లో ఆఫీసు ఉండదు, డిశ్చార్జి కాగితాలు ముందే ఎక్కించేవారు లేరు. రెండు మూడు ఏజెన్సీలకు పనిచేసే నర్సులకు ప్రతిచోటా వేరే సాఫ్ట్‌వేర్, వేరే గడులు. మా పట్టిక వారికి సగమే ఉపయోగపడింది. దీనికి తోడు 2025 జూలై 1 నుంచి ఒయాసిస్‌ను మెడికేర్, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ బీమా) రోగులకే పరిమితం చేయకుండా, ప్రైవేటు బీమా ఉన్నవారికి కూడా తప్పనిసరి చేశారు. ప్రసూతి, 18 ఏళ్లలోపు రోగులు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. కాబట్టి ఏజెన్సీలో ప్రైవేటు బీమా రోగులకోసం విడిగా వాడుతున్న సొంత మదింపు ఫారాన్ని మళ్లీ ఆ మూడు గళ్ల పట్టికలోకి ఎక్కించాం. దానిలో ఒయాసిస్‌తో కలిసిపోయే ప్రశ్నలు ఎన్నో వేరుచేసి, ఆ ఫారాన్ని పూర్తిగా ఎత్తేయవచ్చా అన్నది ఇప్పుడు బిల్లింగ్ విభాగంతో చర్చిస్తున్నాం.